కారుకు ఒక్క చిల్లు కూడా పెట్టకుండా డిక్కీ సర్దుకోవడం: సమగ్ర మార్గదర్శి

ఊరి నుంచి తిరిగొచ్చేటప్పుడు మన కార్ల డిక్కీలు ఏం మోస్తాయో అందరికీ తెలిసిందే. ఓ బియ్యం బస్తా, నూనె డబ్బా, ఆవకాయ జాడీ, పది కొబ్బరికాయలు, ఆఖరి నిమిషంలో అమ్మ తెచ్చి ఇరికించిన ములక్కాడల కట్ట, వీటన్నిటి మీద సూట్‌కేసు. బయల్దేరేటప్పుడు అంతా బాగానే ఉంటుంది. రెండో స్పీడ్ బ్రేకర్ దాటేసరికి జాడీ పక్కకు ఒరుగుతుంది. టోల్ గేటు దగ్గర బ్రేకు వేస్తే కొబ్బరికాయలు దొర్లి సీటు వెనక్కి గుద్దుకుంటాయి. అక్కణ్నుంచి ఇల్లు చేరేదాకా నడిపేవాళ్ల చెవులు వెనకే ఉంటాయి.

డిక్కీ చిన్నదని మనం సర్దిచెప్పుకుంటాం. వ్యాగన్ ఆర్ డిక్కీ 341 లీటర్లు, బాలెనోది 318, పంచ్‌ది 366. ఓ కుటుంబం సామానుకు ఇవేమీ తక్కువ కాదు. అసలు ఇబ్బంది ఏమిటంటే, కంపెనీ మనకిచ్చేది ఒక ఖాళీ గుంట. అందులో పెట్టిన వస్తువును కదలకుండా ఆపేది ఏమీ ఉండదు. ఆ ఆపే ఏర్పాటు చేసుకుంటే అదే డిక్కీలో సామాను ఎక్కువ పడుతుంది, దేని చోటు దానికి ఉంటుంది. దీనికి డ్రిల్ మెషీన్ అక్కర్లేదు. కింద చెప్పే పనులన్నీ ప్లైవుడ్ ముక్కలు, వెల్క్రో, నవారు పట్టీలు, క్రేట్లతో అయిపోతాయి. వద్దనుకున్న రోజు పది నిమిషాల్లో అన్నీ బయటికి తీసేస్తే కారు షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉంటుంది.

చిల్లు ఎందుకు వద్దంటున్నానంటే

రెండు స్క్రూలు బిగిస్తే పోయేదానికి ఇంత తంటా ఎందుకని మెకానిక్ అనొచ్చు. డిక్కీ కార్పెట్ కింద ఏముందో పైనుంచి కనిపించదు. వెనక లైట్లకు, పార్కింగ్ సెన్సర్లకు వెళ్లే వైర్లు పక్క ప్లాస్టిక్‌ల వెనక నుంచే పోతాయి. చాలా కార్లలో పెట్రోల్ ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుంది. ఎలక్ట్రిక్ కారైతే డ్రిల్ ఆలోచనే పెట్టుకోకూడదు. అడుగు రేకుకు చిల్లు పడితే దాని అంచున పెయింటు పోతుంది, తడి అక్కడ చేరి తుప్పు మొదలవుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో అది ఇంకా త్వరగా పాకుతుంది.

చట్టం సంగతి కూడా ఉంది. కంపెనీ స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. సీట్లు పీకేయడం, బాడీ కోయడం, వెల్డింగ్ చేయడం ఈ గొడవలోకి వస్తాయి. డిక్కీలో పెట్టి తీసేసే పెట్టెలు, పలకలు మాత్రం సూట్‌కేసు లాంటి సామానే.

మొదట మొత్తం ఖాళీ చేయండి

డిక్కీలో ఉన్నదంతా వాకిట్లో ఒక దుప్పటి మీద పరిచి మూడు కుప్పలు చేయండి. ఎప్పుడూ కారులోనే ఉండాల్సినవి ఒక కుప్ప: జాకీ, వీల్ స్పానర్, టోయింగ్ హుక్కు, త్రికోణం బోర్డు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, టైర్లకు గాలి కొట్టే పంపు, టార్చి, గొడుగు. అప్పుడప్పుడూ వచ్చిపోయేవి రెండో కుప్ప. అసలు ఉండకూడనివి మూడోది. ఈ మూడో కుప్పే చాలామంది కార్లలో పెద్దది.

రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల వేసవిలో బయటే 45 డిగ్రీలు దాటుతుంది. అలాంటి ఎండలో నిలిపిన కారు లోపల 60 దాటడం మామూలే. స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచొద్దని రాసే ఉంటుంది. కాబట్టి సెంటు స్ప్రేలు, దోమల మందు స్ప్రేలు, లైటర్లు, శానిటైజర్ సీసాలు, పవర్ బ్యాంకులు డిక్కీలో నిలవ ఉంచే వస్తువులు కావు. మందులు కూడా అంతే. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో ప్లాస్టర్లు, బ్యాండేజీలు ఉంచండి, మాత్రలు, ఆయింట్‌మెంట్లు చేతి సంచిలో పెట్టుకోండి.

ఖాళీ అయ్యాక కార్పెట్ పైకెత్తి స్టెప్నీ గుంట చూడండి. చక్రం మధ్యలో, చుట్టూ కొంత ఖాళీ ఉంటుంది. జంపర్ కేబుళ్లు, రెయిన్‌కోటు, పాత తువ్వాళ్లు, రబ్బరు గ్లవ్స్ ఒక గుడ్డ సంచిలో చుట్టి అక్కడ సర్దేయొచ్చు. స్టెప్నీ తీయాల్సి వస్తే సంచి పట్టి లాగితే చాలు. ఎర్టిగా, ఇన్నోవా లాంటి బండ్లలో స్టెప్నీ అడుగున బయట వేలాడుతుంది. దాన్ని దించే బోల్టు ఎక్కడుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి. ఆ బోల్టును మూసేసేలా ఏదీ చేయకూడదు.

తర్వాత కారులో ముందే ఉన్న పట్టులు వెతకండి. పక్కల్లో సంచులు తగిలించే చిన్న హుక్కులు, కొన్ని బండ్లలో నేల మీద ఇనుప రింగులు, హెడ్‌రెస్టుల కమ్మీలు, పార్సిల్ ట్రే (డిక్కీని పైనుంచి కప్పే పలక) కూర్చునే గూళ్లు. మనకు కావాల్సిన ఆధారాలు ఇవే. సీటు వెనక పిల్లల సీటు బెల్టు తగిలించే ఆంకర్ ఉంటుంది. దాన్ని సామాను కట్టడానికి వాడొద్దు, దానికి అడ్డం కూడా పెట్టొద్దు.

కొలతలు తీసేటప్పుడు

డిక్కీ చతురస్రంగా కనిపిస్తుంది గానీ ఉండదు. చక్రాల గూళ్ల మధ్య వెడల్పు ఒకటి, తలుపు దగ్గర ఇంకొకటి. సీటు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి నేల మీద లోతు ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ తక్కువ. అందుకే పెట్టె కొనేముందు పై అంచు దగ్గర లోతు కొలవండి. షాపులో సరిపోతుందనుకున్న పెట్టె తీరా డిక్కీ తలుపు మూయనివ్వకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

కొలవాల్సినవి ఐదు: గూళ్ల మధ్య వెడల్పు, తలుపు దగ్గర వెడల్పు, నేల లోతు, పార్సిల్ ట్రే ఎత్తులో లోతు, నేల నుంచి ట్రే దాకా ఎత్తు. వీటితో పాటు గడప ఎత్తు, అంటే డిక్కీ నేల కంటే తలుపు అంచు ఎన్ని సెంటీమీటర్లు పైకుందో రాసుకోండి. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో ఇది బాగా ఎత్తు. బస్తా ఎత్తిపెట్టేటప్పుడు, తీసేటప్పుడు నడుము పట్టేసేది దీని వల్లే.

ఆ తర్వాత ఫ్రిజ్జు గానీ టీవీ గానీ వచ్చిన అట్టపెట్టె విప్పి, డిక్కీ నేల ఆకారానికి కత్తిరించండి. మూలల దగ్గర అంచనా అందకపోతే చిన్న అట్ట ముక్కలు పెట్టి టేపు అంటించుకుంటూ పోండి. ఈ అట్ట నమూనా మీద ‘ముందు’, ‘వెనక’, ‘పైవైపు’ అని రాయండి. తిప్పి పెట్టి కోస్తే ప్లైవుడ్ వృథా.

ఆపాల్సిన కదలికలు రెండు

పని మొదలుపెట్టే ముందు ఈ లెక్క ఒకటి తెలిసి ఉండాలి. మామూలుగా గట్టిగా బ్రేకు వేసినప్పుడు వస్తువు మీద పడే తోపుడు దాని బరువులో దాదాపు ముప్పాతిక వంతు నుంచి పూర్తి బరువంత. పది కిలోల క్రేట్‌ను ఎనిమిది కిలోల బలంతో ముందుకు నెట్టినట్టు. దీన్ని మ్యాటు, అడ్డుపలకలు సులువుగా ఆపేస్తాయి.

ఢీకొన్నప్పటి సంగతి వేరు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకుంటే, లోపలి వస్తువు మీద దాని బరువుకు సుమారు 20 రెట్ల బలం పడుతుంది. ఐదు కిలోల నూనె డబ్బా వంద కిలోల బరువుతో ముందుకొస్తుంది. ఈ మధ్య మన మార్కెట్లో కనిపించే 26 కిలోల బియ్యం బస్తా అయితే అర టన్ను దాటిపోతుంది. (2022 జూలై నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్లకు జీఎస్టీ వచ్చాకే ఈ 26 కిలోల బస్తాలు మొదలయ్యాయి.) దీన్ని వెల్క్రో ఆపలేదు. ఆపగలిగేది లాక్ పడిన వెనక సీటు ఒక్కటే. అందుకే బరువైనవన్నీ నేల మీద, సీటు వీపుకు ఆనించి ఉండాలి. ఆనించి అంటే నిజంగా తగులుతూ. మధ్యలో జానెడు ఖాళీ ఉంటే ఆ జానెడులో బస్తా వేగంతో వచ్చి గుద్దుతుంది.

సీటు వీపు కంటే ఎత్తుగా బరువు పేర్చకూడదు. పార్సిల్ ట్రే మీద దిండు, తువ్వాలు తప్ప ఏమీ వద్దు.

జారని నేల

ఇక పని. అన్నిటికంటే ముందు చేయాల్సింది, అన్నిటికంటే తేలికైంది ఇదే. కిచెన్ అరల్లో పరిచే గళ్ల గళ్ల యాంటీ స్లిప్ మ్యాటు చుట్టలుగా దొరుకుతుంది. అట్ట నమూనా పెట్టి కత్తెరతో కత్తిరించి కార్పెట్ మీద పరిస్తే సూట్‌కేసు, పెట్టె ఏదైనా పెట్టిన చోటే ఉంటుంది. కాస్త ఖర్చు పెట్టగలిగితే మందం రబ్బరు షీటు ఇంకా మంచిది, కడిగి ఆరేయొచ్చు. కొత్త రబ్బరు వాసన వస్తుంది కాబట్టి రెండు మూడు రోజులు ఎండలో పెట్టాకే లోపల పరవండి.

ఒక జాగ్రత్త. ఈ మ్యాటును కార్పెట్ మీదే పరవాలి. ప్లాస్టిక్ భాగాలకు అంటుకుని ఎండలో నెలల తరబడి ఉంటే మచ్చ పడుతుంది. కింద చెప్పబోయే వెల్క్రో పనులు చేసుకునేవాళ్లు మ్యాటును డిక్కీ సగానికే, బస్తాలు పెట్టే వైపు పరచుకోవాలి. వెల్క్రో పట్టడానికి మిగతా సగం కార్పెట్ ఖాళీగా ఉండాలి.

అడ్డుపలకలు

ఈ మొత్తం ఏర్పాటులో నాకు బాగా నచ్చింది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

డిక్కీ కార్పెట్ చాలా బండ్లలో నొక్కిన నారతో చేసింది. వెల్క్రోలో గరుకు వైపును దాని మీద నొక్కి పక్కకు లాగి చూడండి. గట్టిగా పట్టుకుంటే మీకు మెత్తటి వైపు కొనాల్సిన పనే లేదు, కార్పెటే ఆ పని చేస్తుంది. టైలరింగ్ సామాన్ల షాపులో రెండంగుళాల వెడల్పు వెల్క్రో మీటర్ల లెక్కన అమ్ముతారు. వెనక జిగురు ఉన్నది కాకుండా కుట్టుకునే రకం అడగండి. డిక్కీ వేడికి ఆ జిగురు మెత్తబడి జారిపోతుంది. గ్లూ గన్‌తో అంటించినా, డబుల్ టేపు వాడినా అంతే, పైగా బంక మిగులుతుంది.

ఇప్పుడు 9 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు రెండు తీసుకోండి. వడ్రంగి దగ్గర మిగిలిన ముక్కలు చాలు. ఒకటి 20 సెం.మీ. పొడవు, 15 సెం.మీ. వెడల్పు, ఇది అడుగు. ఇంకోటి 20 పొడవు, 12 ఎత్తు, ఇది గోడ. రెంటినీ ఎల్ ఆకారంలో కలపాలి. మూలలో ఒక అంగుళం రీపరు (సన్నటి చెక్క పట్టీ) ముక్క పెట్టి, ఫెవికాల్ రాసి, అటు రెండు ఇటు రెండు స్క్రూలు బిగించండి. రీపరు లేకుండా ప్లైవుడ్ అంచులోకి నేరుగా స్క్రూ ఎక్కిస్తే పొరలు విడిపోతాయి. అంచులన్నీ ఎమ్రీ కాగితంతో రుద్దండి, లేకపోతే పట్టుచీరలున్న సంచికి పేళ్లు గుచ్చుకుంటాయి.

అడుగు పలక కింద వెల్క్రో గరుకు పట్టీలు రెండు వరుసలు పెట్టి గన్ స్టేప్లర్‌తో అంగుళానికొక పిన్ను కొట్టండి. చివర్లలో రెండేసి పిన్నులు పడాలి. ఊడటం మొదలయ్యేది చివర్ల నుంచే. పిన్ను కాళ్లు పలక మందం కంటే పొట్టిగా, 6 మి.మీ. ఉండాలి.

పెట్టే పద్ధతిలో అసలు కిటుకు ఉంది. వెల్క్రో పక్కకు జరిపితే కదలదు గానీ ఒక అంచు పట్టి పైకి లేపితే ఇట్టే ఊడుతుంది. కాబట్టి ఎల్ అడుగు భాగం సామాను కిందికి వెళ్లేలా పెట్టాలి. అప్పుడు జాడీ గోడ మీదికి తోసినప్పుడు జాడీ బరువే అడుగు పలకను లేవనివ్వదు. తిరగేసి, అడుగు భాగం బయటికి ఉండేలా పెడితే రెండో మలుపులోనే లేచిపోతుంది.

ఇలాంటివి నాలుగు చేసుకుంటే చాలు. బస్తాకు ఒక పక్క, క్రేటుకు రెండు పక్కలా, నీళ్ల క్యానుకు వెనకాల, ఆరోజు ఏ సామాను ఉంటే దానికి తగ్గట్టు జరుపుకోవచ్చు. పని లేనప్పుడు ఒకదానిలో ఒకటి దూర్చి మూలన పెట్టేయొచ్చు. గోడల లోపలి వైపు పాత యోగా మ్యాటు ముక్క అంటిస్తే సీసాలు గలగలలాడవు.

మీ కార్పెట్‌కు వెల్క్రో పట్టకపోతే, లేదా డిక్కీలో ప్లాస్టిక్ నేల ఉంటే, మందపాటి నారకార్పెట్ ముక్క ఒకటి కొని అట్ట నమూనా ప్రకారం కత్తిరించి పైన పరవండి. అంచులు రెండు వైపులా చక్రాల గూళ్లకు తగిలేంత బిగువుగా ఉంటే అది కదలదు.

క్రేట్లు

కూరగాయల మార్కెట్లలో కనిపించే ప్లాస్టిక్ క్రేట్ సుమారు 60 × 40 సెం.మీ. ఉంటుంది. టమాటా కోసం మదనపల్లె లారీల్లోకి రోజూ ఎక్కి దిగేది ఇలాంటిదే. దెబ్బలకు తట్టుకుంటుంది, కడిగితే శుభ్రమవుతుంది, చుట్టూ రంధ్రాలుంటాయి కాబట్టి ఎక్కడైనా తాడు కట్టొచ్చు. అయితే హ్యాచ్‌బ్యాక్‌లో ఒక పెద్ద క్రేట్ కంటే దానిలో సగం సైజు, 40 × 30వి రెండు పెట్టుకోవడం మేలు. ఒకటి కారు సామానుకు, ఒకటి ఆరోజు కొన్న కూరగాయలకు. మడతపెట్టే రకం తీసుకుంటే ఖాళీగా ఉన్నప్పుడు చోటు మిగులుతుంది, కానీ జాడీలకు, నూనె డబ్బాలకు మడత క్రేట్ నమ్మకూడదు, గోడలు లోపలికి పడతాయి.

క్రేట్ అడుగున కూడా వెల్క్రో కావాలి. ఈ రకం ప్లాస్టిక్‌కు మామూలు జిగురు ఎక్కువ రోజులు నిలవదు. వెల్క్రో పట్టీకి సూదితో రెండు చివరలా రంధ్రాలు చేసి, క్రేట్ రంధ్రాల గుండా కేబుల్ టైలతో బిగించేయండి. టై ముడి లోపలి వైపు ఉండాలి, బయటికుంటే కార్పెట్‌ను గీరుతుంది.

పైపలక: గడప ఎత్తును వాడుకోవడం

గడప ఎత్తుగా ఉన్న కార్లకు ఇది చాలా ఉపయోగం. నేలకూ గడపకూ మధ్య ఉన్న పది పదిహేను సెంటీమీటర్ల లోతు మీద ఒక పలక వేస్తే కింద ఒక అర, పైన గడపకు సమంగా చదునైన నేల వస్తుంది. బరువైన సూట్‌కేసును ఎత్తకుండా లోపలికి జరిపేయొచ్చు. కింది అరలో కారు సామాను, చెప్పులు, తడి గొడుగులు ఉంటాయి. మామూలు రోజుల్లో కనిపించే నేల ఖాళీగా, శుభ్రంగా ఉంటుంది.

ప్లైవుడ్ మందం విషయంలో ఆశపడొద్దు. 100 × 60 సెం.మీ. పలక 12 మి.మీ. మందంతో నాలుగున్నర కిలోలు దాటుతుంది, 9 మి.మీ. అయితే మూడున్నర కిలోలు. 9 తీసుకుని అడుగున రెండు రీపర్లు నిలువుగా బిగిస్తే వంగదు. ప్లైవుడ్ మీద ముద్రలో ఐఎస్ 303 అని ఉండేది మామూలు వాడకం రకం, ఐఎస్ 710 నీటికి తట్టుకునే మెరైన్ రకం. చేపలు, మొక్కలు, నీళ్ల క్యాన్లు తెచ్చేవాళ్లు 710 తీసుకోవాలి. మిగతావాళ్లకు 303 సరిపోతుంది.

అట్ట నమూనాను గడప ఎత్తులో మళ్లీ కత్తిరించుకోండి, నేల నమూనా ఇక్కడ పనికిరాదు. చుట్టూ అర సెంటీమీటరు తక్కువ కోయించి, ఆ సందులో ఫోమ్ పట్టీ పెడితే పలక కదలదు, కిర్రుమనదు. పలకను అడ్డంగా రెండు ముక్కలు చేయండి: సీటు వైపు మూడింట రెండొంతులు, తలుపు వైపు ఒక వంతు. పైన కార్పెట్ గుడ్డను ఒకే ముక్కగా, రెండు పలకల మీదా కలిపి వేసి రబ్బరు జిగురుతో అంటించి, అంచులు కిందికి మడిచి స్టేప్లర్ కొడితే మధ్యలో ఆ గుడ్డే బందులా పనిచేస్తుంది. ఇనుప బందుల అవసరం లేదు. రెండు పలకల మధ్య 3 మి.మీ. సందు వదలడం మాత్రం మరచిపోవద్దు, లేకపోతే మడత పడదు. తలుపు వైపు అంచున పాత స్కూలు బ్యాగు పట్టీ ముక్క బిగిస్తే పట్టుకుని ఎత్తడానికి వీలుంటుంది.

పలక దేని మీద నిలబడాలి? రెండు పక్కలా నిలువు ప్లైవుడ్ పట్టీలు, కింద అంగుళం వెడల్పు పాదాలతో. వాటిని పలకకే బిగించేయండి, అప్పుడు మొత్తం ఒక స్టూలులా ఒకేసారి బయటికొస్తుంది. ఆ రెండిటి మధ్య, సీటు వైపు అంచున ఒక కాలు అదనంగా ఉండాలి. బస్తా బరువు పడేది అక్కడే. కాళ్ల పాదాలు స్టెప్నీ మూత మధ్యలో పడకుండా అంచుల వైపు ఉండేలా చూడండి, ఆ మూత కింద ఖాళీ కాబట్టి వంగిపోతుంది. చివరగా, పలకకు రెండు పక్కలా నవారు ఉచ్చులు బిగించి డిక్కీ రింగులకు బకిల్ పట్టీతో కట్టండి. ప్రమాదంలో ఈ పలకే ఎగిరి రాకూడదు. రింగులు లేని బండిలో పైపలక వేయొద్దని నా సలహా. అడ్డుపలకలు, క్రేట్లతో సరిపెట్టుకోండి.

పలక వేశాక ఒకసారి స్టెప్నీ తీసి చూడండి. చీకట్లో, వానలో, హైవే పక్కన ఆ పని చేయాల్సి వస్తే ఎలా ఉంటుందో ఇంటి దగ్గరే తెలియాలి. రెండు నిమిషాల్లో స్టెప్నీ చేతికి రాకపోతే అమరిక మార్చండి.

సీటు వీపుకు సంచి

చిన్న చిన్న వస్తువులకు నేల మీద చోటు దండగ. సీటు కవర్లు కుట్టే షాపులో మిగిలిన రెక్సిన్ గానీ, పాత జీన్స్ గుడ్డ గానీ తీసుకుని జేబుల సంచి కుట్టించండి. జేబులు వస్తువులను బట్టి ఉండాలి: టైరు పంపుకు వెడల్పుది, టార్చికి సన్నటిది, పిల్లల డైపర్లకు ఎలాస్టిక్ ఉన్నది. పైన మూడు పట్టీలకు బ్యాగు బకిళ్లు పెట్టించి హెడ్‌రెస్టు కమ్మీలకు తగిలిస్తే చాలు. సీటు 60:40గా మడిచే బండి అయితే సంచిని కూడా రెండు ముక్కలుగా కుట్టించాలి, లేదంటే సీటు మడిచిన ప్రతిసారీ విప్పాలి.

ఇందులో తేలికైనవే పెట్టండి. వీల్ స్పానర్, గాజు సీసాలు వద్దు.

తాళ్లు, పట్టీలు

హుక్కులున్న బంగీ తాడు అందరి దగ్గరా ఉంటుంది. సాగే తాడు బరువును ఆపదు, సాగనిచ్చి మళ్లీ వెనక్కి విసురుతుంది. పైగా హుక్కు జారితే నేరుగా కంటికి తగిలే ప్రమాదం ఉంది. దుప్పట్ల కట్టకు పర్వాలేదు, సిలిండరు, బస్తా, ఇన్వర్టర్ బ్యాటరీ లాంటి వాటికి వద్దు. సాగని నైలాన్ పట్టీకి నొక్కితే పట్టే క్యామ్ బకిల్ ఉన్నది వాడండి. మీటతో బిగించే రాట్చెట్ పట్టీలు లారీలకు సరి, మన కారు రింగులకు ఆ బిగింపు ఎక్కువ.

వెనక సీట్లు మడిచి పొడుగు సామాను తెచ్చేటప్పుడు ఢీకొంటే ఆపే సీటు వీపు ఉండదు. అప్పుడు పట్టీ కట్టడం తప్పనిసరి. అలాంటి రోజు బరువును ముందు సీటు వీపుకు ఆనించి, ఆ సీట్లో మనిషిని కూర్చోబెట్టకుండా ఉంటే ఇంకా మంచిది.

కారేవి, వాసన వచ్చేవి

ఆవకాయ జాడీ ప్రయాణానికి మూత ఒక్కటే చాలదు. మూతి చుట్టూ శుభ్రంగా తుడిచి, పల్చటి ప్లాస్టిక్ కవరు వేసి, దాని మీద గుడ్డతో వాసెన కట్టి ముడి బిగించాలి. తర్వాత జాడీని చిన్న క్రేట్‌లో నిలబెట్టి చుట్టూ పాత చీరలు కూరండి. క్రేట్ కింద అంచులున్న ట్రే గానీ, పాత టబ్బు గానీ ఉండాలి. నూనె కార్పెట్‌లోకి ఇంకిందంటే ఆ వాసన వదిలించడం చాలా కష్టం.

భీమవరం, నెల్లూరు వైపు నుంచి చేపలు, రొయ్యలు తెచ్చేవాళ్లకు ట్రే ఇంకా ముఖ్యం. థర్మాకోల్ పెట్టె మూలల నుంచి ఐసు నీళ్లు కారతాయి. ఆ ఉప్పు, చేపనీరు కార్పెట్ దాటి రేకు దాకా వెళ్తే తుప్పు ఖాయం. పెట్టెను పెద్ద పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టి, ట్రేలో ఉంచండి. ఇల్లు చేరాక ముందు దించాల్సింది అదే.

సీఎన్‌జీ బండ్లలో

డిక్కీలో పెద్ద సిలిండరు ఉన్న కార్లకు పైన చెప్పిన వాటిలో సగమే వర్తిస్తాయి. సిలిండరుకు గానీ, దాని బ్రాకెట్లకు, పైపులకు గానీ ఏదీ కట్టొద్దు, ఆనించొద్దు. వాల్వు దగ్గరకు చెయ్యి ఎప్పుడూ సులువుగా వెళ్లాలి, దాని గాలి గొట్టాలను బట్టలతో మూయకూడదు. సిలిండరును మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి కాబట్టి, దాని మీద నంబరు, తేదీ ఉన్న ప్లేటు కనిపిస్తూ ఉండాలి.

సిలిండరు ముందు మిగిలే సన్నటి చోటుకు మెత్తటి సంచులే సరైనవి. గట్టి సూట్‌కేసు పట్టదు, జిప్ బ్యాగులు రెండు పడతాయి. బియ్యం బస్తాను వెనక సీటు కాళ్ల దగ్గర నేల మీద పెట్టడమే నయం. టాటా 2023లో ఆల్ట్రోజ్‌తో మొదలుపెట్టి రెండు చిన్న సిలిండర్లను డిక్కీ నేల కింద అమర్చింది. అలాంటి బండ్లలో పై చోటు వాడుకోవచ్చు, కానీ సిలిండర్ల మీదున్న నేల పలక ఎప్పుడైనా ఎత్తగలిగేలా ఉండాలి. కాబట్టి వాటిలో పైపలక పని పెట్టుకోకండి.

నడిపి చూడటం, తర్వాత చూసుకోవడం

అంతా అమర్చాక ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, 20 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు వేయండి. తర్వాత రెండు వైపులా మలుపు తిప్పండి, ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కించండి. డిక్కీ తెరిచి ఏది జరిగిందో చూసి అడ్డుపలకలు సర్దండి. చప్పుడు ఎక్కడిదో తెలియకపోతే వెనక సీట్లో ఒకరిని కూర్చోబెట్టి నడపండి, వాళ్లకు ఇట్టే తెలుస్తుంది. చెక్క ప్లాస్టిక్‌కు రాసుకునే చోట ఫెల్టు ముక్క పెడితే కిర్రు పోతుంది.

నిండా సామాను వేసుకున్న రోజు టైర్లలో గాలి మామూలు రోజుల లెక్కన ఉండకూడదు. డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ మీద ఫుల్ లోడుకు వెనక టైర్లకు ఎంత గాలి ఉండాలో వేరేగా రాసి ఉంటుంది. బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. ఊరి నుంచి వచ్చి సామాను దించాక మళ్లీ తగ్గించుకోవాలి.

వానాకాలంలో రెండు వారాలకోసారి మ్యాటు, పలక, క్రేట్లు బయటికి తీసి, కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే డిక్కీ తలుపు రబ్బరు గానీ, వెనక లైట్ల దగ్గర గానీ కారుతున్నట్టు. తుడిచి, తలుపు తెరిచి ఆరబెట్టి, కారే చోటు బాగుచేయించాకే పలక మళ్లీ వేయండి. వెల్క్రో పళ్లలో చిక్కుకున్న నార పోగులు పాత టూత్ బ్రష్‌తో దువ్వేస్తే దాని పట్టు మళ్లీ మొదటిలా ఉంటుంది.